కవ్వం తాడు నుంచి లేత్ మిషను దాకా

కుట్లు, అల్లికలు, ముగ్గులు, మగ్గం వర్కు అయితే ఆడవాళ్ళ సరదాలు. ఉలి, సుత్తి, రంపం అయితే మగవాళ్ళ పని. ఈ గీత ఎవరు గీశారో తెలియదు గానీ మనమందరం దాన్ని దాటకుండా తిరుగుతుంటాం. ఇక లేత్ మిషను అంటే వర్క్‌షాపుల్లో గిర్రున తిరిగే భయంకరమైన వస్తువు, మన ఇంటికీ దానికీ ఏ సంబంధమూ లేదనుకుంటాం. ఆ మిషను చరిత్ర చూస్తే మాత్రం నవ్వొస్తుంది. అది పెరిగి పెద్దయిన మూడు మెట్లూ మన బాన్సువాడ ఇళ్ళల్లో ఏదో ఒక మూల ఉన్నవే: కవ్వం, కుట్టుమిషను, మోటారు.

ముందు లేత్ పని అంటే ఏమిటో చెప్తాను. మామూలు వడ్రంగం‌లో కర్ర కదలకుండా ఉంటుంది, పనిముట్టు కదులుతుంది. లేత్ మీద కర్ర గుండ్రంగా తిరుగుతుంది, మనం ఉలిని ఒకచోట ఆనించి పట్టుకుంటాం. కుమ్మరి సారె మీద మట్టికి చేతితో ఆకారం వచ్చినట్టు, ఇక్కడ కర్రకు ఉలితో ఆకారం వస్తుంది. చపాతీ కర్ర, పప్పుగుత్తి, కుంకుమ భరిణె, పట్టెమంచం కోళ్ళు, పిల్లల బొంగరం అన్నీ అలా పుట్టినవే. పాత తెలుగు నిఘంటువుల్లో ఈ పనిముట్టుకు "తరిమెన" అనే మాట ఉంది. ఉర్దూలో ఖరాద్ అంటారు.

మొదటి మెట్టు: తాడు

సల్ల చిలికేటప్పుడు ఏం చేస్తాం? కవ్వానికి తాడు చుట్టి, రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని ఒకటి లాగి ఒకటి వదులుతాం. కవ్వం ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరుగుతుంది. క్షీరసాగర మథనంలో మందర పర్వతానికి వాసుకిని చుట్టి దేవతలూ రాక్షసులూ చేసిన పని కూడా ఇదే.

ప్రపంచంలో మొదటి లేతులు నడిచింది సరిగ్గా ఇలాగే. ఈజిప్టులో పెటోసిరిస్ అనే పూజారి సమాధి ఉంది. క్రీ.పూ. 300 ప్రాంతానిది. దాని గోడ మీది చెక్కడాల్లో ఇద్దరు మనుషులు లేత్ పని చేస్తున్నారు. ఒకరు కర్రకు చుట్టిన పట్టీని ఇటూ అటూ లాగుతుంటే, ఇంకొకరు పనిముట్టు పట్టుకుని చెక్కుతున్నారు. ఆ బొమ్మలో కర్ర నిలువుగా నిలబెట్టినట్టు కనిపిస్తుంది, అచ్చం కుండలో కవ్వం నిలబడినట్టు. చెక్కినవాళ్ళు అలా నిలువుగా చూపించడం బొమ్మ వేసే పద్ధతి మాత్రమేనని కొందరు పండితులు అంటారు. ఏదైనా తాడు లాగే తీరు మాత్రం మనకు తెలిసిందే.

ఈ సంగతి మా అత్తమ్మకు చెప్తే, "గిదేం కొత్తదే బిడ్డా! మేం పొద్దుగాల లేస్తే గదే పని గదా. ఉలి ఒక్కటి పట్టలె, గంతే" అన్నది. చరిత్ర పుస్తకాలు పేజీల కొద్దీ చెప్పేదాన్ని ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఇద్దరు మనుషులు అక్కర్లేకుండా చేసిన ఉపాయం విల్లు. వంచిన కర్రకు తాడు కట్టి, ఆ తాడును చెక్కాల్సిన కర్రకు ఒక చుట్టు చుట్టి, ఒక చేత్తో విల్లును ముందుకూ వెనక్కీ ఆడిస్తే చాలు. రెండో చేత్తో ఉలి పట్టుకోవచ్చు, ఉలి కదలకుండా కాలి వేళ్ళు ఆసరా ఇస్తాయి. మన దేశంలో నేల మీద కూర్చుని ఇలా పనిచేసే కళాకారులు తరతరాలుగా ఉన్నారు. కరెంటు అక్కర్లేదు, మేజాబల్ల అక్కర్లేదు.

రెండో మెట్టు: కాలు

తాడు లేత్‌లో ఒక చిక్కుంది. కర్ర మన వైపు తిరిగినప్పుడే ఉలి తెగుతుంది, వెనక్కి తిరిగేటప్పుడు ఊరికే ఆగాలి. అంటే సగం సమయం వృథా. ఒకే వైపు ఆగకుండా తిరిగితే బాగుంటుంది కదా అని ఆలోచించిన వాళ్ళలో లియొనార్డో డావిన్చీ ఒకడు. మోనాలిసా బొమ్మ వేసిన ఆయనే. 1500కు కాస్త అటూఇటూగా ఆయన గీసిన కాగితాల్లో కాలితో తొక్కే లేత్ బొమ్మ ఒకటుంది. కింద తొక్కుడు పలక, దానికి కలిపిన వంకర ఇరుసు, పక్కన బరువైన చక్రం. పలక తొక్కితే చక్రం తిరుగుతుంది, ఆ బరువు వల్ల మధ్యలో ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇది చదువుతుంటే ఏ వస్తువు గుర్తొచ్చింది? మన కుట్టుమిషనే. ఐజాక్ సింగర్ తన కుట్టుమిషనుకు పేటెంటు తీసుకున్నది 1851లో. అంటే జాకెట్లు కుట్టేటప్పుడు మన కాళ్ళు చేసే పని, కుట్టుమిషను కంటే సుమారు 350 ఏళ్ళ ముందే లేత్ కోసం ఊహించినది. కాలితో లయగా తొక్కుతూ, చేతులతో సున్నితమైన పని చేస్తూ, కళ్ళు ఒకచోట నిలపడం. ఈ మూడూ ఒకేసారి చేయడం నేర్చుకోవడానికి కొత్తవాళ్ళకు వారాలు పడుతుంది. మిషను కుట్టే ఆడమనిషికి అది ఎప్పుడో వచ్చేసింది.

మూడో మెట్టు: మోటారు

కరెంటు మోటారు వచ్చాక లేత్ రూపం మారిపోయింది. మన దగ్గర మామూలుగా దొరికే ఇండక్షన్ మోటారు నిమిషానికి సుమారు 1,440 సార్లు తిరుగుతుంది. చిన్న చెక్క పనికి ఆ వేగం సరిపోతుంది. అర హార్స్‌పవర్ మోటారు అంటే 373 వాట్లు. మోటారులో పోయే నష్టం కలుపుకున్నా రెండు గంటల పనికి ఒక యూనిట్ చుట్టూ ఖర్చవుతుంది. కరెంటు బిల్లు చూసి గుండె జారే పరిస్థితి రాదు. మిక్సీ మోటారు మాత్రం ఈ పనికి పనికిరాదు. అది వేలకు వేల చుట్లు తిరుగుతుంది, ఎక్కువసేపు నడిస్తే వేడెక్కుతుంది.

రాజులకు సరదా, పేదలకు బువ్వ

ఇప్పుడు ఖర్చు సంగతి. లేత్ చరిత్రలో రెండు దారులు పక్కపక్కనే నడిచాయి.

ఒకటి రాజుల దారి. రష్యా చక్రవర్తి పీటర్ ద గ్రేట్‌కు లేత్ అంటే పిచ్చి. ఆంద్రేయ్ నార్తోవ్ అనే నిపుణుడు ఆయన లేత్ శాలలో పనిచేసేవాడు. 1790ల్లో లండన్‌లో హోల్ట్‌సాఫెల్ అనే సంస్థ ధనవంతుల కోసం నగిషీ లేతులు చేయడం మొదలుపెట్టింది. అప్పట్లో వాటిని సరదాకు కొనగలిగింది జమీందారులూ ప్రభువులే.

ఈ దారిలో నాకు బాగా నచ్చిన మనిషి మరియా ఫ్యోదొరోవ్నా. రష్యా చక్రవర్తి పాల్ భార్య. పదిమంది పిల్లల తల్లి. వాళ్ళలో ఇద్దరు తర్వాత చక్రవర్తులయ్యారు. ఆమె లేత్ మీద దంతం, అంబర్ చెక్కడంలో ఆరితేరింది. ఆమె చేతి పనులు సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గరి పావ్లోవ్‌స్క్ రాజభవనంలో ఇప్పటికీ చూడొచ్చు. పదిమంది పిల్లల తల్లికి లేత్ ముందు కూర్చునే సమయం ఎక్కడిదని అడగొచ్చు. దాసీలున్నారు కాబట్టి దొరికింది, నిజమే. కానీ దాసీలున్న రాణులందరూ ఉలి పట్టలేదు. ఆమెకు ఇష్టం ఉంది కాబట్టి పట్టింది.

రెండోది పేదల దారి. ఇంగ్లండులో హై వికమ్ చుట్టుపక్కల బీచ్ చెట్ల అడవుల్లో కుర్చీకాళ్ళు చేసి బతికేవాళ్ళు ఉండేవారు. వాళ్ళను బాడ్జర్లు అనేవారు. చెట్లు కొనుక్కుని, అక్కడే గుడిసె వేసుకుని, అక్కడి కర్రతోనే లేత్ కట్టుకునేవారు. వంగే సన్నటి గడను పైన కట్టి, దాని కొసనుంచి తాడు దించి కర్రకు చుట్టి, కింద కాలి పలకకు ముడివేస్తే లేత్ తయారు. కాలు నొక్కితే కర్ర తిరుగుతుంది, కాలు ఎత్తితే పైన గడ తాడును వెనక్కి లాక్కుంటుంది. పచ్చికర్ర మెత్తగా తెగుతుందని దాన్నే వాడేవారు. అలా చేసిన కాళ్ళు పట్నంలో కుర్చీలయ్యేవి.

ఒకే విద్య. ఒకచోట రాజ్యం బొక్కసం, ఇంకోచోట ఒక గడ, ఒక తాడు. ఈ సరదాకు బోలెడు డబ్బు కావాలని చెప్పే ప్రకటనలన్నీ మొదటి దారి నుంచి వచ్చినవి. మన బడ్జెట్‌కు రెండో దారి ఉంది.

మన ఏటికొప్పాక

మనకు దగ్గరగా, గోదావరి దాటితే నిర్మల్ ఉంది. అక్కడి బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు, ఉలితో చెక్కి రంగులు వేస్తారు. అది చెక్కడం, లేత్ పని కాదు. తెలుగు నేల మీద లేత్ బొమ్మల ఊరు అంటే ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో యలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉంది.

మనం చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు గుర్తున్నాయా? అరచేతిలో పట్టే పొయ్యి, బిందె, చెంబు, మూత గిన్నె, తిరగలి. ఎర్రగా పచ్చగా నిగనిగలాడేవి. ఏటికొప్పాక కళాకారుల చేతిలో పుట్టేవి ఇలాంటివే. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. దాన్ని లేత్ మీద గుండ్రంగా తీర్చి, అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. బ్రష్షు లేదు, వార్నిష్ డబ్బా లేదు.

లక్క మన మోదుగు, రేగు చెట్ల మీద బతికే చిన్న పురుగుల నుంచి వస్తుంది. హైదరాబాదు లాడ్ బజారులో మనం బేరమాడి కొనే లక్కగాజులు కూడా దాంతోనే. శుద్ధి చేసిన లక్కను మిఠాయిలకూ మందుబిళ్ళలకూ పూతగా వాడతారు. పాకే పిల్లలు చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు కదా, అందుకే ఇది తల్లులకు పనికొచ్చే కబురు. చవకబారు పెయింట్లలో సీసం ఉండొచ్చు, సీసం పసిమెదళ్ళకు విషం.

మధ్యలో ఏటికొప్పాకలో కూడా రసాయన రంగులు చేరాయి, ప్లాస్టిక్ బొమ్మలు బజారు నింపేశాయి. అప్పుడు ఆ ఊరి సి.వి. రాజు గారు కళాకారులను కూడగట్టి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి సహజ రంగులవైపు మళ్ళించారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మన బాల్యాన్ని ఒక ఊరు తన లేతుల మీద తిప్పుతూ కాపాడుతోంది. మన పిల్లలకు ఒక్క పెట్టె లక్కపిడతలు కొన్నా ఆ లేతులు ఇంకొంతకాలం తిరుగుతాయి.

ఎంతలో మొదలుపెట్టాలి

ఇప్పుడు మన అరుగు మీదకు వద్దాం. నా సలహా, చరిత్ర నడిచిన వరుసలోనే నడవండి.

మొదట విల్లు లేత్. ఒక మందపాటి పలక, దాని మీద రెండు బరువైన దుంగ ముక్కలు. ఒకటి బిగించి, ఇంకొకటి జరిగేలా ఉంచాలి. రెండింటిలో ఎదురెదురుగా ఒక్కో గట్టి మేకు, మొనలు లోపలికి. ఆ మొనల మధ్య కర్రను ఇరికించి, కొసలకు చుక్క నూనె వేయాలి. ముందు ఉలి ఆనించడానికి ఒక అడ్డకర్ర. వెదురు బద్దకు గట్టి తాడు కడితే విల్లు. కర్రకు ఒక చుట్టు చుట్టి ఆడించడమే. పాత సామాన్లలోనే ఇవన్నీ దొరుకుతాయి, కొనాల్సింది ఉలి ఒక్కటే. అదీ వడ్రంగి దగ్గర అడిగితే పాతది దొరకొచ్చు.

కర్రకు డబ్బు పెట్టొద్దు. కోత మిషను దగ్గర, వడ్రంగి కొట్టు దగ్గర మిగిలే ముక్కలు అడగండి. పెరట్లో మామిడి కొమ్మ నరికితే దాచుకోండి. చింతకర్ర గట్టిది, అది చేయి తిరిగాక. ముక్క కొసలకు కరిగించిన కొవ్వొత్తి పూస్తే ఎండలో పగుళ్ళు రావు. పగులు ఉన్న ముక్క, మేకు ఉన్న ముక్క లేత్ మీద పెట్టకండి.

మొదటి వస్తువు సన్నగా పొడుగ్గా ఉండేదే కావాలి. పప్పుగుత్తి కాడ, గరిట పిడి, బొంగరం. లోపల తొలిచే గిన్నెలు, పిడతలు తర్వాత. తొలవాలంటే కర్రను ఒకవైపే పట్టుకునే చక్ కావాలి, పనిముట్లలో ఖరీదైన వాటిలో అదొకటి.

రెండు మూడు నెలలు గడిచినా ఇష్టం తగ్గకపోతే అప్పుడు పాత కుట్టుమిషను స్టాండు వెతకండి. పాత ఇనుము కొట్లలో పలక, చక్రంతో సహా కనిపిస్తుంటాయి. ఊళ్ళో ఫిట్టర్ సాయం చేస్తే చిన్న వస్తువులకు సరిపోయే కాలు లేత్ అవుతుంది. ఆ తర్వాతే చిన్న మోటారు లేత్. అప్పుడు కూడా మూడు ఉలులు చాలు. కర్రను గుండ్రం చేసే వెడల్పాటి దోనె ఉలి, వంపులు తీసే సన్న దోనె ఉలి, కోసి విడదీసే పలుచటి ఉలి. డబ్బు మిగిలితే నాలుగో ఉలికి కాదు, మంచి సానరాయికి పెట్టండి. మొద్దు ఉలి కర్రను కోయదు, పీకుతుంది. కూరగాయలు తరిగే మనకు కత్తి పదును సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

నునుపు కోసం 120, 220, 400 నంబర్ల గరుకు కాగితాలు వరుసగా. వంటింటి వస్తువులకు తినదగిన అవిసె నూనె రాయొచ్చు, ఆరడానికి రోజులు పడుతుంది. పెయింటు కొట్లో దొరికే కాచిన అవిసె నూనెలో ఆరబెట్టే రసాయనాలు ఉంటాయి, దాన్ని వంట వస్తువులకు వాడొద్దు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరేయండి.

కొంగు బిగించే ముందు

మోటారు లేత్‌కు మాత్రం భయం కాదు, భక్తి ఉండాలి. 1,440 చుట్ల వేగంలో రెండు అంగుళాల కర్ర అంచు గంటకు సుమారు 14 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అదే ఆరు అంగుళాల గిన్నె అయితే 41 కిలోమీటర్లు. కాబట్టి వెడల్పు పెరిగేకొద్దీ వేగం తగ్గించాలి.

మన బట్టల సంగతి పుస్తకాల్లో రాయరు, అందుకే నేను రాస్తున్నాను. చీర కొంగు, చున్నీ, వదులు చేతులు, వేలాడే జడ, గాజులు, మెడలో పొడుగు గొలుసు ఇవన్నీ తిరిగే కర్రకు చుట్టుకునేవే. గాజులు తీసి పక్కన పెట్టండి, జడ ముడి వేయండి, పుస్తెలతాడు జాకెట్టు లోపలికి వేసుకోండి, పైన బిగుతు ఏప్రాన్ కట్టుకోండి. చీరకన్నా పంజాబీ డ్రెస్సు మేలు, అదీ చున్నీ లేకుండా. చేతికి గ్లవ్స్ వద్దు, అవి కూడా చుట్టుకుంటాయి. ముఖానికి అడ్డు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. మిషను వేసే ముందు కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడండి. పిల్లలు బడిలో ఉన్న సమయమే మన సమయం.

"దీంతో ఏమొస్తది?"

చివరికి ఈ ప్రశ్న వస్తుంది, ఇంట్లో వాళ్ళ నుంచో, పక్కింటి వదిన నుంచో. పీటర్ చక్రవర్తిని ఈ ప్రశ్న ఎవరడుగుతారు, ఆయన రాజు. బాడ్జర్‌ను అడగక్కర్లేదు, అది అతని బువ్వ. ఇంట్లో ఉన్న ఆడది సరదాకు ఏదైనా మొదలుపెడితే మాత్రం ముందు లెక్క చెప్పాలి. కుడితే ఎంత వస్తది, పచ్చళ్ళు పెడితే ఎంత మిగులుతది, ఇది చేస్తే ఏమొస్తది.

అమ్ముకోవాలనుకునే వాళ్ళు అమ్ముకోండి, తప్పేం లేదు. కానీ బజారు ధరకు పోటీ పడే పని కాదిది. ఒక్క బొంగరానికి నాకు ఒక పూట పడుతుంది. దాన్ని ఏ ధరకు అమ్మితే ఆ పూట తిరిగొస్తుంది? కాబట్టి లెక్క వేరేలా వేద్దాం. ఇంటి ఖర్చులో నెలకు ఇంత అని మనకోసం పక్కన పెట్టుకునే చిన్న మొత్తం, దాంట్లోనే ఈ సరదా నడవాలి. ఆ గీత దాటొద్దు, ఆ గీత లోపల ఎవరికీ సంజాయిషీ చెప్పొద్దు.

రోజంతా మనం చేసే పనులు సాయంత్రానికి మాయమైపోతాయి. వండింది తింటారు, ఊడ్చింది మళ్ళీ మాస్తుంది, ఉతికింది మళ్ళీ విడుస్తారు. కర్రలోంచి తీసిన పప్పుగుత్తి మాత్రం రేపు పొద్దున కూడా అక్కడే ఉంటుంది. మన తర్వాత ఇంకొకరి చేతిలో పప్పు మెదుపుతుంది. "ఏమొస్తది" అని అడిగినవాళ్ళకు ఆ గుత్తి చేతికిచ్చి, పప్పు మెదపమని చెప్పండి.